ఆకలిని దాచిన కొయ్యబానలు

ఆ ఉదయం ఆకాశం విరిగిన పాలలా ఉంది. తెల్లమబ్బు తునకలు తునకలై విడిపోయి, నడుమ నీలం తేలుతోంది. తూర్పున కొండకొమ్ము మీద మాత్రం సన్నని ఎర్రజీర. గాలి లేదు. శ్వేతగిరి రాజ్యంలో గాలి లేని పొద్దు అరుదు. అలాంటి రోజున మధ్యాహ్నం దాటితే మంచు పడుతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

గొర్రెల కాపరులు వదిలివెళ్లిన గుహ ముందు నిలబడి రోహణుడు ఆ ఆకాశాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి చూశాడు. అతని అక్క వసుమతి గొర్రెతోళ్ల మీద రాతిగోడకు చేరగిలబడి ఉంది. ఆమె ముందు ఆకులో పేలపిండి ముద్ద ఉంది. నిన్న పెట్టింది. ఎండి, నెర్రెలు విచ్చింది.

"తినలేకపోతున్నావా అక్కా?"

"తినగలనురా," అంది వసుమతి. "ఎందుకు తినాలో తెలియడం లేదు."

రోహణుడు ఆకును ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు. అతను కొయ్య చెక్కేవాడు. మాటలు తక్కువ.

ఆ కొండల్లో ప్రతి ఇంటికీ ఒక కొయ్యబాన ఉంటుంది. అక్రోటు చెట్టునో దేవదారునో భూర్జాన్నో కొట్టి, ఒకే మొద్దును బాడిసతో లోపల తొలుస్తారు. ఒక చలికాలమంతా పడుతుంది. మూత కూడా ఆ మొద్దులోంచే తీయాలి. లేకపోతే వానల్లో బాన ఒకలా ఉబ్బి, మూత మరొకలా ఉబ్బి, పురుగు దూరుతుంది. పైన సూర్యుడు, నెమళ్లు, తీగలు చెక్కుతారు. వెన్న చేతులు తగిలి తగిలి రెండు తరాలకు అవి నల్లగా నిగనిగలాడతాయి. విత్తనపు యవలు అందులోనే ఉంటాయి. బాన నిండుగా ఉంటే ఇల్లు నిండుగా ఉన్నట్టే.

చైత్రమాసంలో తుహినభట్టు అనే మాంత్రికుడు రాజముద్ర వేసిన తాళపత్రం పట్టుకుని వాళ్ల అక్రోటుపల్లెకు వచ్చాడు. బానల్లో ఉన్న గింజలన్నీ గంపల్లోకి పోయించాడు. ప్రతి ఇంటివాళ్లనూ తమ బానలోకి ఒక్కసారి ఊపిరి వదలమన్నాడు. రాజముద్రకు వెరచి అందరూ వదిలారు. ఊపిరితో పాటు వాళ్ల ఆకలి బానలోకి దిగిపోయింది. మూతలు బిగించి, బానలను జడలబర్రెల మీద వేసుకుని అతను కొండెక్కిపోయాడు. ఆ పొద్దు రోహణుడూ, వసుమతి భర్త పింగళుడూ అడవిలో కొయ్య కొడుతున్నారు. అందుకే వాళ్లిద్దరికీ ఆకలి మిగిలింది.

చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ ఇదే జరిగింది. నాలుగు వందల ఇళ్ల ఆకలిని మంచుమృగాలలో పోసి సేనను తయారు చేస్తాడట తుహినభట్టు. అంతులేని ఆకలి గల సేన ఎదుట ఏ రాజ్యం నిలుస్తుంది?

అక్రోటుపల్లెలో అప్పటికే పదకొండు మంది నిండు గంపల పక్కన పస్తుతో పోయారు. పన్నెండో మనిషి వసుమతి కాకూడదని, ఆమె బానను వెతికి తెచ్చుకోవాలని, ఆమెను వంతులవారీగా మోసుకుంటూ బావా బావమరుదులు తుహినభట్టు ఉండే హిమకోట దగ్గరి గుహ దాకా వచ్చారు.

"ఇక వేషాలు కడదాం," అన్నాడు రోహణుడు. మేకవెంట్రుకల గడ్డం అంటించుకుని, వీపున గడ్డిచుట్ట కట్టి గూనివాడయ్యాడు. ఎముకలు కొరికే ఆ పొడిచలికి కోటలో బానలు బీటలు వారుతున్నాయనీ, నూనె పూసేవాళ్ల కోసం భటులు వెతుకుతున్నారనీ దారిలో ఒక బర్రెలకాపరి చెప్పాడు.

పింగళుడు ఒకప్పుడు సైనికుడు. ఒక చెవి యుద్ధంలో పోయింది. మనిషి కొండంత, నోరు అంతకన్నా పెద్దది.

"నేనెందుకోయ్ మూగవాణ్ణి కావాలి? నువ్వెలాగూ మాట్లాడవు. ఆ వేషం నీకే నప్పుతుంది."

"నువ్వు నోరు విప్పితే మన ఊరు తెలిసిపోతుంది బావా."

"నా నోట్లో ఊరు కనపడుతుందా?"

"ఊరేం ఖర్మ, ఊళ్లో కుక్కల పేర్లతో సహా కనపడతాయి."

ఇద్దరూ వసుమతి వైపు చూశారు. ఇలాంటి మాటకు ఇదివరకు ఆమె విరగబడి నవ్వేది. ఇప్పుడు ఆమె కళ్లు గుహ ద్వారంలో కనిపించే మబ్బు మీద ఉన్నాయి.

"మంచు పడేలోగా రండి," అంది. "రాలేకపోతే నా కోసం వెనక్కి రాకండి, ఊరికి వెళ్లిపోండి. అంతే."

పింగళుడు అక్రోటు నూనె నింపిన కొత్త బానను వీపున కట్టుకుని ముందు నడిచాడు. 

హిమకోట పర్వతం నడినెత్తిన వెండికిరీటంలా మెరుస్తోంది. మంచుపలకల ప్రాకారాలు, వాటి మీద గాజుకత్తుల్లా వేలాడే మంచుకోరలు, ఆ కోరల్లోంచి వడగట్టినట్టు దిగే లేతనీలి వెలుగు. ద్వారం దగ్గర భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవర్రా మీరు?"

"నూనె పూసేవాళ్లం దొరా. కొయ్యకు దాహం వేస్తే నోరు విప్పి అడగదు. పగులుతుంది."

"వీడెవడు, ఈ దున్నపోతు?"

"నా అల్లుడు దొరా. పుట్టుమూగ."

భటుడు పింగళుణ్ణి కిందికీ మీదికీ చూసి పెద్దగా నిట్టూర్చాడు. "అదృష్టవంతుడివి ముసలోడా. మా ఇంట్లోనూ ఒకడున్నాడు. పగలంతా తింటాడు, పొద్దుగూకేదాకా వాగుతాడు. వాణ్ణి కూడా తీసుకెళ్లి మూగవాణ్ణి చేసి పెట్టు, మేకపిల్లనిస్తా."

పింగళుడి మిగిలిన చెవి ఎర్రబడింది. పళ్లు బిగించి తలవంచుకుని లోపలికి నడిచాడు.

బానలున్న మండపం చూసి ఇద్దరూ ఆగిపోయారు. మంచుస్తంభాల నడుమ నాలుగు వందల బానలు వరుసలు తీరి ఉన్నాయి. ప్రతిదీ మోకాలెత్తు. ప్రతిదాని మీదా అదే సూర్యుడు, అవే రెండు నెమళ్లు, అదే తీగ. ఒకదానికీ మరొకదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

రోహణుడు కనుబొమలు ముడిచాడు. ఒక మనిషి చెక్కిన నెమలి మరొకడు చెక్కిన నెమలిలా ఉండదు. ఒకడే చెక్కిన రెండు నెమళ్లూ ఒకలా ఉండవు. ఇది కళ్లకు కట్టిన మాయ.

అతను కళ్లు మూసుకున్నాడు. గుడ్డను నూనెలో ముంచి మొదటి బానను రుద్దాడు. మాయ కళ్ల దగ్గరే ఆగింది. వేళ్ల దాకా రాలేదు. ఇది భూర్జం, మెత్తగా ఉంది. ఇది దేవదారు, జిడ్డు తగులుతోంది. ఇక్కడ ఎవడో ఉలి జారి నెమలి ముక్కు విరగ్గొట్టి, దాన్నే తీగగా సర్దుకున్నాడు. ఈ మూతకు కుక్కపళ్ల గాట్లున్నాయి. ప్రతి బానలోనూ, చెయ్యి తగలగానే, నిద్రలో పక్కకు ఒత్తిగిలిన మనిషిలా ఏదో కదిలి మళ్లీ సద్దుమణిగింది. ఎవరి అమ్మ ఆకలో, ఎవరి బిడ్డ ఆకలో.

ఒక్కో వరుసా దాటాడు. వెనకాల పింగళుడు నూనెబాన జరుపుతూ వచ్చాడు. నూనె అడుగంటింది.

ఏడో వరుసలో రోహణుడి చెయ్యి ఆగింది. అక్రోటు కొయ్య. మూతకింది అంచు ఎడమవైపున బొటనవేలంత పల్లంగా అరిగి ఉంది. వసుమతిది ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్లుగా గింజలు కొలిచి, కొలగిన్నెను ఆ అంచుకే తట్టేది. మంత్రంతో ఆకలిని తీసుకుపోవచ్చు. ముప్పై ఏళ్ల అరుగుదలను ఎవరు తుడవగలరు?

అతను పింగళుడి చెయ్యి పట్టుకుని ఆ పల్లం మీద పెట్టాడు.  పింగళుడు మాట బయటికి రాకుండా పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు.

రోహణుడు వీపున గడ్డిచుట్ట తీసేసి, గూని చోట ఆ బానను కట్టుకున్నాడు. వరుసలో ఖాళీ కనపడకుండా నూనె అయిపోయిన కొత్త బానను రోహణుడు అక్కడ దించాడు. అప్పుడే తప్పు జరిగింది.

అక్రోటుపల్లెలో ఖాళీ పాత్రను ఎవరూ ఒక చోట దించరు. అరువు తెచ్చుకున్న గిన్నెనైనా తిరిగిచ్చేటప్పుడు నాలుగు గింజలు వేసి ఇస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేసిన పని. రోహణుడి చెయ్యి అతన్ని అడక్కుండానే నడుముమూటలోకి పోయింది. గుప్పెడు యవలు తీసి బానలో వేసింది.

గింజలు అడుగున గలగలమన్నాయి.

మండపమంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత నాలుగు వందల బానలూ మూలిగాయి. చైత్రం నుంచి గింజ ఎరగని ఆకళ్లు గింజ చప్పుడు విన్నాయి. మూతలు టకటక కొట్టుకున్నాయి. బానలు నిలిచినచోటే ఊగాయి. ఆ మూలుగులో ముసలి గొంతులున్నాయి, పాలకు ఏడ్చే గొంతులున్నాయి. 

"అక్రోటుపల్లె!" అన్న మాట వినపడింది.

స్తంభాల వెనక నుంచి తుహినభట్టు వచ్చాడు. పొడుగాటి మనిషి. కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది. మాట్లాడితే నోట ఆవిరి రాలేదు. "ఖాళీ పాత్రలో గింజ వేసి దించే జనం ఆ ఊళ్లోనే ఉన్నారు. మీ వేషాలు బాగానే ఉన్నాయి. చేతులకు కూడా వేషం వేసి రావలసింది."

అతను దండంతో నేలను తాకాడు. దగ్గరి మంచుస్తంభం పెళ్లున చీలింది. లోపల్నుంచి దూడంత తోడేలు దిగింది. ఒళ్లంతా మంచే. డొక్క మాత్రం బోలుగా, అవతలి గోడ కనిపించేటంత ఖాళీగా ఉంది.

"ఇక మాట్లాడొచ్చా?" అని అరిచాడు పింగళుడు.

"అరవు బావా!"

పింగళుడు పొద్దుటి నుంచి బిగబట్టిన గొంతంతా విప్పి ఒక్క కేక పెట్టాడు. మంచుకోరలు పైనుంచి టపటప రాలాయి. తోడేలు తల విదిలించుకునేలోగా ఇద్దరూ మండపం చివరికి పరుగెత్తారు. అక్కడ కోట కట్టేటప్పుడు దుంగలు లాక్కొచ్చిన ఏటవాలు దారి ఉంది, అద్దంలా గడ్డకట్టి. పక్కన జడలబర్రెలు నీళ్లు తాగే కొయ్యతొట్టి పడి ఉంది. ఇద్దరూ తొట్టిలోకి దూకారు. పింగళుడు కాలితో గోడను తన్నాడు.

తొట్టి కొండ మీద నుంచి బాణంలా దూసుకుపోయింది. గాలి చెంపలు చరిచింది. దేవదారు చెట్లు నల్లగీతల్లా వెనక్కి పోయాయి. వెనకాల తోడేలు గోళ్లు మంచును గీరుతున్న చప్పుడు దగ్గరవుతోంది. ఒక మలుపులో తొట్టి బండకు తగిలి ఎగిరింది. రోహణుడు వీపున ఉన్న బాన మీదనే పడ్డాడు.

టప్ మంది.

లేచి చూసుకునే సరికి మూత మీద వేలెడు పొడవున పగులు. అందులోంచి వెచ్చగా ఏదో కారుతోంది. కంటికి కనిపించదు, ఊపిరిలా తగులుతుంది. నూనె లేదు, మైనం లేదు. రోహణుడు చొక్కా చించి పగులును తన ఛాతీకి హత్తుకుని బానను కౌగిలించుకుని పరుగెత్తాడు.

ముందు లోయ, దాని మీద రెండు దుంగల వంతెన. ఇద్దరూ దాటారు. పింగళుడు బాడిస లాక్కుని దుంగలకు ఊతమిచ్చిన గుంజ మీద మూడు దెబ్బలు వేశాడు. తోడేలు వంతెన నడిమికి వచ్చింది. నాలుగో దెబ్బకు గుంజ విరిగింది. దుంగలూ తోడేలూ కలిసి లోయలోకి పోయాయి. చాలాసేపటికి అడుగున అద్దం పగిలినట్టు వినపడింది.

అవతలి గట్టు మీద తుహినభట్టు నిలబడ్డాడు. కోపం లేదు అతని ముఖంలో. అదే ఎక్కువ భయపెట్టింది.

"తీసుకుపో చెక్కేవాడా. పగుల్లోంచి కారినదంతా నీ గుండెలోకి పోయింది. మీ అక్క ఆకలిలో సగం నీలో ఉంది. అది ఇంకా అద్దెకున్నట్టే ఉంది. నోట ఒక్క ముద్ద పెట్టుకున్నావా, ఇల్లు కట్టుకుంటుంది. ఇక ఎన్నటికీ నిన్ను వదలదు, ఆమె దగ్గరికి రాదు." వెనుదిరుగుతూ అన్నాడు, "ఈ వంతెన నాకు రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ తినకుండా ఉండు చూద్దాం."

అప్పుడే మంచు మొదలైంది.

దిగేదారిలో రోహణుడికి ఆకలి అంటే ఏమిటో తెలిసింది. ఇంతకాలం తనకు తెలిసినది ఆకలి కాదనిపించింది. పొట్టలో ఎవరో బాడిసతో తొలుస్తున్నట్టుంది. చైత్రం నుంచి ముద్ద ఎరగని ఆకలి, దానిపైన అతని సొంత ఆకలి. చెట్టుబెరడు చూస్తే నోరూరింది. తన నడుముపట్టీ తోలని తెలుసు, అయినా రెండుసార్లు చెయ్యి దాని మీదికి పోయింది.

"బావా, నా మూట నువ్వు తీసుకో."

పింగళుడు తీసుకున్నాడు. పదడుగులు నడిచాక రోహణుడు గొంతు మారి అన్నాడు, "ఇచ్చెయ్. పిడికెడు. ఒక్క పిడికెడు."

"ఇవ్వను."

"నువ్వెవడివి నాకు ఇవ్వకపోవడానికి?"

"మీ అక్క మొగుణ్ణి," అన్నాడు పింగళుడు. "కావాలంటే నన్ను కొట్టు. ఊరికే పడతాను. మూట మాత్రం రాదు."

రోహణుడు నిజంగానే కొట్టాడు. పింగళుడి పెదవి చిట్లింది. అతను మంచు తీసి పెదవికి అద్దుకుని, బావమరిది భుజం కింద చెయ్యి వేసి నడిపించాడు. తన జేబులో ఉన్న ఎండు జున్నుముక్కను రోహణుడు చూడకుండా లోయలోకి విసిరేశాడు. తాను నమిలితే ఆ చప్పుడు వాడికి వినపడుతుంది.

పొద్దువాలే వేళకు గుహ చేరారు. వసుమతి ఒరిగి పడుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు.

రోహణుడు ఆమె ముఖం పక్కన బాన దించి మూత తీశాడు.

ఏ వెలుగూ రాలేదు. ఏ ఉరుమూ ఉరమలేదు. ఎండకు వేగిన గింజల వాసన మాత్రం గుహంతా కమ్మింది. వసుమతి ఛాతీ ఒకసారి లేచింది. కళ్లు తెరిచింది. చాలాసేపు గుహ పైకప్పు చూస్తూ ఉంది.

"పొట్టలో ఏదో..." అంది. "కొంచెం. కొంచెమే."

పింగళుడు ఒక్క గెంతులో మూట విప్పాడు. పేలపిండిలో వెన్న వేశాడు, మంచు కరిగించి పోశాడు. అతనికి పిండి కలపడం రాదు. వసుమతి అతని చేతిలోంచి గిన్నె లాక్కుంది. తనే ముద్ద కట్టింది. అలవాటు చొప్పున మొదటి ముద్ద తమ్ముడి వైపు చాపింది.

రోహణుడు గుహ గోడకు వెనక్కి జరిగాడు. చేతులు వీపు వెనక దాచుకున్నాడు. 

"తీసుకోరా."

"నువ్వు తిను."

"నీ ముఖం చూసుకున్నావా? పీక్కుపోయింది. ఎన్నాళ్లయిందిరా తిని?"

"నేను తినకూడదు అక్కా."

ఆమె భర్త వైపు చూసింది. పింగళుడు చెప్పాడు. మూత పగిలిన సంగతి, మాంత్రికుడు అన్న మాట. జీవితంలో మొదటిసారి అతను ఒక కథను నాలుగు మాటల్లో ముగించాడు.

వసుమతి విన్నది. చేతిలోని ముద్దను చూసింది.

"అయితే వీడు తింటే నా సగం వీడిది అయిపోతుంది. తినకపోతే?"

"రెండు రోజులు తాళితే ఏదైనా ఉపాయం..." అన్నాడు రోహణుడు. "పగులు ద్వారా వచ్చింది, పగులు ద్వారానే..."

"ఉపాయం తెలుసా నీకు?"

రోహణుడు తల అడ్డంగా ఊపాడు.

"అమ్మ పోయినప్పుడు నీకు రెండేళ్లు," అంది వసుమతి. "గింజలు తక్కువైన ఏడాది అది. నాకు సగం ఆకలి ఉంచుకుని తినడం చేతనయ్యింది అప్పుడు. ఇప్పుడూ చేతనవుతుంది. సగం ఆకలితో మనిషి బతుకుతుందిరా. నువ్వు చూస్తూ ఉండగా నేను ఒక్కదాన్నే తినడం మాత్రం నా వల్ల కాదు."

"అది జన్మంతా నాతో ఉంటుందంట అక్కా. నీకు మళ్లీ రాదు."

"ఉండనీ. పరాయివాళ్ల ఇంట్లో ఉందా ఏమన్నా?"

ఆమె ముద్దను రెండుగా విరిచింది. పెద్ద ముక్క అతనికి చాపింది. రోహణుడు చూసి, చిన్నది తీసుకున్నాడు. ఆమె పెద్దది తన ముందు పెట్టుకుంది. ఇంకో ముద్ద చేసి భర్త ముందు పెట్టింది.

లోయ అవతల, హిమకోట మీద నగారా మోగడం మొదలైంది. వంతెన కోసం చెట్లు కొడుతున్న చప్పుడు మంచులోంచి ఆగి ఆగి వస్తోంది. ఆ కోటలో ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది ఇళ్ల ఆకలి గింజ కోసం మూలుగుతోంది. వంతెన పూర్తయ్యేలోగా దాన్ని విడిపించే దారి ఒకటి వెతకాలి.

వసుమతి ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మింగింది. మగవాళ్లిద్దరూ ఆమె గొంతు వైపే చూశారు. ఆమె మళ్లీ గిన్నెలోకి చెయ్యి పెట్టాక రోహణుడు తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూతలు పడ్డాయి. చెంపల మీద నీళ్లు దిగాయి, తుడుచుకోలేదు. పింగళుడు చిట్లిన పెదవిని ఒక పక్కకు తప్పించుకుంటూ తిన్నాడు. బయట మంచు గుహ ద్వారాన్ని సగం దాకా మూసింది.

 గిన్నె ముగ్గురి మధ్యా తిరిగింది.